నా చెయ్యి నాకు దక్కించిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న భోగి. తలంట్లయ్యాక మా పాపకి రెండు జడలు వేశాను. కుడి చెయ్యి మళ్లీ అంత పైకి లేవడానికి ఏడాదిన్నర పట్టింది. దానికి కారణమైన వాళ్లందరికీ పండగ పూట దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

రాజోలు దగ్గర చమురు, గ్యాసు బావులు తవ్వే ఒక డ్రిల్లింగ్ రిగ్గు మీద కాంట్రాక్టు పని నాది. 2023 జులైలో ఒక రాత్రి షిఫ్టులో బావిలోంచి పైపులు లాగుతున్నాం. రిగ్గు మీద దాదాపు 90 అడుగుల ఎత్తున, పైపుల పై కొసల్ని పట్టుకునే మనిషి నిలబడే మంకీ బోర్డు అనే బల్ల మీంచి రెండు కిలోల సుత్తి జారింది. అంత ఎత్తు నుంచి పడే వస్తువు రెండు సెకన్లు దాటగానే కిందికొచ్చేస్తుంది, అదీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో. పైనుంచి కేక విని పక్కకి ఒరిగాను. హెల్మెట్ అంచు పగలగొట్టి భుజం మీద పడింది.

నన్ను గబుక్కున లేపకుండా, చేతిని తువ్వాలుతో ఛాతీకి కట్టి స్ట్రెచర్ మీదకి చేర్చిన మా షిఫ్టు వాళ్లకి, 108 సిబ్బందికి, వానలో బైకు మీద కాకినాడ దాకా వచ్చి రక్తం ఇచ్చిన అమలాపురం కుర్రాళ్లకి రుణపడి ఉంటాను. ఎముక అతుక్కున్నా చెయ్యి లేవలేదు. దెబ్బతిన్న నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుందని ఓపిగ్గా చెప్పి, నాచేత రోజూ గోడ మీద వేళ్లు పాకించిన ఫిజియోథెరపీ చెల్లెమ్మా, నీ మాటే నిజమైంది.

కాంట్రాక్టరు తప్పంతా నా మీదకే నెట్టాడు. పని చేయించుకున్న అసలు కంపెనీ కూడా బాధ్యత వహించాల్సిందేనని, 1923 నాటి నష్టపరిహార చట్టం 12వ సెక్షన్ చూపించి అర్జీ రాయించిన యూనియన్ పెద్దాయనకి నమస్కారాలు. డబ్బు పోయిన నెల అందింది.

అందరికంటే ముందు చెప్పుకోవలసింది ఆ రాత్రి పైన మంకీ బోర్డు మీద ఉన్న తమ్ముడి గురించి. "అన్నా, నా చేతిలోంచే జారింది" అని ఆసుపత్రిలో నా మంచం పట్టుకుని ఏడ్చాడు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా, సుత్తి జారిపోకుండా కట్టే తాడు లేదని, అడిగినా ఇవ్వలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం లేకపోతే నా అర్జీ నిలిచేది కాదు. తప్పు అతనిది కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మొన్న రిగ్గు నుంచి ఫోటో పంపాడు: ప్రతి పనిముట్టుకీ తాడు కట్టి ఉంది.

తమ్ముడూ, రేపు కనుమకి మా ఇంటికి రా. నీ వాటా అరిసెలు అమ్మ డబ్బాలో దాచింది.