ప్రైవేటు ఐటీఐలకు డబ్బు ఇవ్వండి, ఉద్యోగం చూసి ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక, ఉపాధి కల్పన, శిక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు ఇన్‌స్ట్రక్టర్‌ని.

టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి మన రాష్ట్రం 2,324 కోట్ల రూపాయల పథకం చేపట్టింది. పదో తరగతి పాసైన పేదింటి పిల్లల చేతికి కొత్త యంత్రాలు వస్తున్నందుకు నాకు నిజంగా సంతోషం. ఐటీఐలను ఆధునికీకరించడానికి కేంద్రం 60,000 కోట్లతో మొదలుపెట్టిన పీఎం సేతు పథకం కూడా 1,000 ప్రభుత్వ ఐటీఐల కోసమే. కానీ దేశంలోని దాదాపు 15 వేల ఐటీఐలలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువి. మన రాష్ట్రంలోనూ వాటి సంఖ్యే ఎక్కువ. చాలా ఊళ్లకు దగ్గరలో ఉన్న ఐటీఐ అంటే ప్రైవేటు ఐటీఐయే.

ఆడపిల్లల చదువును తేల్చేది ఆ దూరమే. కొడుకును జిల్లా కేంద్రానికి పంపే తల్లిదండ్రులు కూతుర్ని పంపడానికి వెనకాడతారు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడంతో టికెట్టు ఖర్చు తప్పింది, చాలా మేలు జరిగింది. కానీ పొద్దుపోయాక ఊరికి బస్సే లేకపోతే ఆ అమ్మాయి ప్రాక్టికల్స్ సగంలో వదిలి వెళ్లాల్సిందే.

అందుకే ప్రైవేటు శిక్షణ మీద కూడా పెట్టుబడి పెట్టమని కోరుతున్నాను. మీ అధికారులకు దీనిమీద అభ్యంతరం ఉంటుంది, అది న్యాయమైనదే. 2007 తర్వాత పదేళ్లలో ప్రైవేటు ఐటీఐల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. వాటిలో చాలాచోట్ల వర్క్‌షాపు పేరుకే ఉంటుందని, హాజరుపట్టీలో ఉన్న పిల్లలందరూ తరగతిలో ఉండరని ఈ రంగంలో ఎవరిని అడిగినా చెబుతారు. నా ఉద్దేశంలో దీనికి మూలం డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రవేశం, హాజరు చూసి వస్తుంది. విద్యార్థి పని నేర్చాడా, ఏడాది తర్వాత ఎక్కడ ఉన్నాడు అన్నదానితో యాజమాన్యానికి పైసా లాభనష్టాలు లేవు.

నేపాల్‌లో 2008లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ ఫండ్ ఈ చిక్కును విప్పింది. అక్కడ శిక్షణ ఇచ్చిన ప్రైవేటు సంస్థలకు ఆఖరి వాయిదా డబ్బు వెంటనే ఇచ్చేవారు కాదు. శిక్షణ ముగిసిన ఆరు నెలలకు, ఆ మనిషి నిర్ణీత ఆదాయం సంపాదిస్తున్నట్టు తనిఖీలో తేలాకే ఇచ్చేవారు. వెనుకబడిన వర్గాల మహిళలకు పని దొరికితే ఎక్కువ ప్రోత్సాహకం ఉండేది. తర్వాత ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పరిశీలిస్తే వ్యవసాయేతర ఉపాధి పెరిగిందని, ఆ మేలు స్త్రీలకు మరింత ఎక్కువగా దక్కిందని తేలింది. మనకంటే పేద దేశం చేయగలిగిన తనిఖీ మనం చేయలేమా?

మనకు మహిళలకు 30 శాతం సీట్ల నియమం ఎలాగూ ఉంది. అయినా ఎలక్ట్రీషియన్ యూనిట్‌లోని (ఒక బ్యాచ్‌లోని) 20 సీట్లలో ఒకరిద్దరు అమ్మాయిలు కనిపిస్తే గొప్ప. అడ్మిషన్ల దగ్గరే "ఫిట్టర్ నీకెందుకమ్మా, కుట్టు తీసుకో" అని మళ్లించేస్తారు. ఏ ట్రేడులో ఎంత జీతం వస్తుందో ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. పశ్చిమ కెన్యాలో జరిగిన ఒక అధ్యయనంలో ఆ ఆదాయాల తేడా చెప్పాక, మగవాళ్ల పనులుగా ముద్రపడ్డ ట్రేడులను ఎంచుకునే యువతులు పెరిగారు. ఇలా చెప్పడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

దేశంలో 15 ఏళ్లు దాటిన మహిళల శ్రామిక భాగస్వామ్యం, అంటే పని చేస్తున్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి, 2017-18లో 23.3 శాతం ఉండగా 2023-24 నాటికి 41.7కు చేరిందని కేంద్ర సర్వే చెబుతోంది. పురుషులది 78.8. పని చేస్తున్న మహిళల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది స్వయం ఉపాధిలో ఉన్నారు. వారిలో ఇంటి పొలంలోనో దుకాణంలోనో జీతం లేకుండా చాకిరీ చేసేవాళ్లూ ఉన్నారు. మనం స్త్రీ పురుషుల మధ్య అంతరం తగ్గిందని మురిసిపోవాల్సింది తమ పేరున జీతం అందుకునే మహిళలు పెరిగినప్పుడు.

ప్రైవేటు ఐటీఐలకు ఇచ్చే సాయంలో పెద్ద వాటాను ఏడాది తర్వాతి ఉపాధికి ముడిపెట్టండి. ఉద్యోగమైతే పీఎఫ్ ఖాతా చూడవచ్చు, సొంత పని అయితే ఊరికి వెళ్లి చూడాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ వంటి ట్రేడుల్లో స్థిరపడిన ప్రతి మహిళకు సంస్థకు ఎక్కువ మొత్తం ఇవ్వండి. మహిళా ఇన్‌స్ట్రక్టర్, సరైన మరుగుదొడ్లు లేని సంస్థకు మొదటి వాయిదా కూడా వద్దు. హాస్టళ్లకు మాత్రం ముందుగానే డబ్బు ఇవ్వాలి, వాటిని ఫలితాలతో ముడిపెడితే అవి ఎప్పటికీ కట్టరు. సంస్థల వారీగా, ట్రేడుల వారీగా, స్త్రీ పురుషులకు వేర్వేరుగా ఉపాధి లెక్కలను అడ్మిషన్లకు ముందే ప్రకటించండి.

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. ఒక ఉమ్మడి జిల్లాతో మొదలుపెట్టండి. తనిఖీ బృందంలో అధికారులతో పాటు పనిచేస్తున్న పూర్వ విద్యార్థినులకు కూడా చోటివ్వండి.

భవదీయురాలు,
ఒక ప్రైవేటు ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్