దుప్పటి వెనక పాలసీసా

నైరోబి,
ఆదివారం రాత్రి

ఒరే సుబ్బూ,

మళ్లీ గుంపు దిగి టమోటా చేనంతా తొక్కేసిందని రాశావు. నువ్వలా ఏనుగుల్ని తిడుతుంటే నేనిక్కడ ఏనుగు పిల్లల్ని చూసొచ్చాను. తిట్టుకుంటే తిట్టుకో గానీ చెప్పకుండా ఉండలేను.

ఊరి అంచునే నైరోబి నేషనల్ పార్కు. అందులో అనాథ ఏనుగుల నర్సరీ ఉంది. భర్త డేవిడ్ పోయాక ఆయన పేరు మీద 1977లో డాఫ్నీ షెల్డ్రిక్ పెట్టిన ట్రస్టు వాళ్లది. రోజూ పదకొండింటికి ఒక్క గంట జనాన్ని రానిస్తారు. ఆకుపచ్చ కోట్ల కాపర్ల దగ్గరికి బుడ్డోళ్లు పరిగెత్తుకొచ్చి, పాలు గటగటా లాగించి, బురదలో పడి దొర్లారు. ఒకడైతే సీసా తొండంతో తనే ఎత్తి పట్టుకున్నాడు. ఖాళీ అయ్యాక పక్కోడి సీసా మీద పడ్డాడు, అచ్చం హాస్టల్లో నువ్వే!

దంతాల కోసం తల్లిని చంపేస్తే మిగిలినవి కొన్ని, కరువుకి తల్లిని పోగొట్టుకున్నవి కొన్ని, బావిలో పడి గుంపుకి దూరమైనవి కొన్ని. వీటికి ఆవుపాలు పడవు, ఆ కొవ్వు అరగదు. డాఫ్నీ ఏళ్ల తరబడి ఏవేవో కలిపి చూస్తే, చివరికి పసిపిల్లల పాలపొడిలో కొబ్బరినూనె కలిపితే పడిందట. కొబ్బరినూనె రా!

మూడు గంటలకోసారి పాలు, అర్ధరాత్రయినా సరే. కాపరి అదే కొట్టంలో ఎత్తుగా మంచం వేసుకుని పడుకుంటాడు. మరీ పసివాటికి దుప్పటి వేలాడదీసి, వెనక నుంచి సీసా అందిస్తారు. తొండం ఆ దుప్పటికి ఆనించుకుంటే అమ్మ పొట్ట తగిలినట్టుంటుందేమో.

నన్ను పట్టేసింది ఆయిషా కథ. డాఫ్నీ ప్రాణంలా పెంచుకున్న పిల్ల అది. కూతురి పెళ్లికని ఆమె కొన్నాళ్లు వెళితే, తిండి మానేసి బెంగతో చచ్చిపోయింది. అందుకే ఇప్పుడు ఏ పిల్లా ఒక్కరికే అలవాటు పడకుండా కాపర్లని మారుస్తుంటారు. మా అవ్వ పోయినప్పుడు ఎర్రావు మేత ముట్టలేదంటే నవ్వావు కదా, ఇప్పుడు నవ్వు.

మూడేళ్లు దాటాక లారీలో సావో అడవికి తీసుకెళతారు. పగలు మేసి, రాత్రి దొడ్డికి వస్తాయి. పొమ్మని ఎవరూ తరమరు. ఏదో ఒకరోజు అడవి గుంపుతో కలిసి రాత్రికి రాదు. మళ్లీ రెండ్రోజులకి వస్తుంది. అలా పూర్తిగా తెగిపోవడానికి ఒక్కోదానికి పదేళ్లు కూడా పడుతుంది. ఇథుంబా అనే చోట అలా వెళ్లిపోయిన ఆడ ఏనుగులు, ఈనాక పిల్లని వెంటేసుకుని పాత కాపర్ల దగ్గరికి వస్తాయట. మా అక్క మొదటి కాన్పు తర్వాత వచ్చినట్టే.

అది సరే, ముసలిమడుగు ఏనుగుల క్యాంపుకి కర్ణాటక నుంచి వచ్చిన కుంకీలని, అదే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదిచ్చిన ఏనుగుల్ని, చూశావా? ఈసారి గుంపు దిగితే అందులో పిల్లలున్నాయేమో చూసి రాయి. మిద్దె మీద నుంచే చూడు, దగ్గరికి పోయి వీడియోలు తీయకు.

నీ
శీనుగాడు