వార్షిక నివేదిక 2025: ఈ ఏడాదంతా పడవ పనే

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పుస్తకం ఆఫీసు గదిలో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. సోల్డరింగ్ క్లాసులు అనుకున్నట్టే జరిగాయి. మిగతాదంతా మన చిన్న రిమోట్ పడవ గురించే రాస్తున్నా, ఎందుకంటే మన ఆదివారాలన్నీ, త్రీడీ ప్రింటర్ టైమంతా దానికే పోయాయి.

పోయినేడు చేసిన ప్రొపెల్లర్ పడవ పానగల్లు ఉదయసముద్రం చెరువులో పది గజాలు కూడా పోకముందే నాచు చుట్టుకొని ఆగిపోయింది, గుర్తుంది కదా. మన చెరువుల్లో ఒడ్డు దగ్గర లోతు తక్కువ, నాచు ఎక్కువ. అందుకే ఈసారి రెండు పక్కలా తెడ్ల చక్రాలు పెడదామని పిల్లలే పట్టుబట్టారు. రొయ్యల చెరువుల్లో గాలి కోసం తిప్పుతారే, అలాంటివే, కాకపోతే 70 మిల్లీమీటర్లవి, ఒక్కోదానికి 8 తెడ్లు.

చక్రానికి వేగం అక్కర్లేదు, బలం కావాలి. రిమోట్ చెప్పినంత తిరిగే 9 గ్రాముల చిన్న మోటారు, అంటే సర్వోలో, గేర్లు ముందే ఉంటాయి కాబట్టి విడిగా గేరుపెట్టె పని లేదు. కాకపోతే మామూలు సర్వో సుమారు 180 డిగ్రీలు తిరిగి ఆగిపోతుంది. విప్పి చూస్తే చివరి గేరు మీద బియ్యపు గింజంత ప్లాస్టిక్ ముల్లు ఉంటుంది, దాన్ని బ్లేడుతో కోసేసి, ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే లోపలి పాట్ (పొటెన్షియోమీటర్) తీసేసి, దాని బదులు రెండు సమానమైన 2.2 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టాం. ఎప్పుడూ మధ్యలోనే ఉన్నాననుకొని ఇక అది ఆగకుండా తిరుగుతుంది. 1.5 మిల్లీసెకండ్ల పల్స్, అంటే కరెంటు సిగ్నల్, ఇస్తే నిలబడుతుంది, పెంచితే ఒకవైపు, తగ్గిస్తే ఇంకోవైపు. రెసిస్టర్లలో పిసరంత తేడా ఉన్నా చక్రం ఆగమన్నా మెల్లగా పాకుతూనే ఉంటుంది, రిమోట్‌లో ట్రిమ్, అంటే చక్రం ఆగే బిందువు, సరిచేసుకోవాలి. చుక్కాని లేదు. ఒక చక్రం ముందుకు, ఇంకోటి వెనక్కు తిప్పితే పడవ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, అది చూసి ఒక పాప చప్పట్లు ఆపలేదు.

దెబ్బలూ తిన్నాం. మొదటి పడవ అడుగు పీఎల్ఏతో ప్రింట్ చేశాం. మే నెలలో మధ్యాహ్నం కారులో పెట్టి మర్చిపోయాను, తప్పు నాదే. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే ప్లాస్టిక్ అది, మన నల్లగొండ ఎండలో అద్దాలు మూసిన కారు సంగతి మీకు చెప్పాలా, కార్తీకంలో వదిలే అరటిదొప్పలా వంగిపోయింది. రెండోది 80 దాకా తట్టుకునే పీఈటీజీతో చేశాం. అదీ పొరల సందుల్లోంచి కొత్త కుండలా చెమర్చింది, లోపల ఎపాక్సీ పూస్తే ఆగింది.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది చక్రం ఎంత మునగాలన్న లెక్క. సగం దాకా మునిగితే తెడ్డు దిగేటప్పుడు నీళ్లను కిందికి తొక్కుతుంది, లేచేటప్పుడు పైకి తోడుతుంది, సర్వో వేడెక్కుతుంది గానీ పడవ కదలదు. ఇరుసును 12 మిల్లీమీటర్లు పైకి జరిపి, అడుగున ఉన్న తెడ్డు మాత్రమే పూర్తిగా మునిగేలా పెట్టాక ఒక్కసారిగా తేడా కనబడింది. ఆ ఇరుసు పట్టీని పదకొండుసార్లు ప్రింట్ చేసిన పదో తరగతి పిల్లాడి ఓపికకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా థాంక్స్.

సద్దుల బతుకమ్మ అయిన తరువాతి ఆదివారం కట్ట మీద నుంచి వదిలాం. నాచులోంచే నడిచింది. సగం దూరంలో కుడి సర్వోలోకి నీళ్లు పోయి పడవ సుడి తిరగడం మొదలైతే అందరికీ టెన్షన్, పుట్టిలో వల వేస్తున్న అన్న ఒకాయన తెచ్చి ఇచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, "మళ్లొకపారి నడపుండ్రి, సూస్తా" అన్నాడు.

ఆ సర్వో ఇరుసుకు గ్రీజు నింపి రబ్బరు సీల్ వేయాలి. శనివారం సాయంత్రం ఐదింటికి చేస్తున్నాం, చేయి తిరిగినవాళ్లు రండి.

– కార్యదర్శి