రాజీ కాగితం కాదు, రక్షణ కావాలి

సంపాదకులకు,

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా కేంద్రానికి పాపను తీసుకొచ్చే ఒక తల్లి మొన్న ఎడమ చెయ్యి పైకెత్తలేకపోయింది. భర్త కొట్టాడని తెలిసి ఆమె వెంట పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. ఫిర్యాదు చదవకుండానే "పెద్దమనుషుల్లో పెట్టుకున్నారా?" అని అడిగారు. భర్తను పిలిపించి, ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చోబెట్టారు. కొట్టినవాడు మోచెయ్యి తగిలేంత దగ్గరలో ఉంటే ఆమెకు నోరు ఎలా పెగులుతుంది? కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, అడిగిన ప్రతిదానికీ తలూపింది. రాజీ కాగితం మీద సంతకం తీసుకుని పంపేశారు.

2005 నాటి గృహహింస చట్టం 5వ సెక్షన్ చదివితే నా కడుపు మండింది. హింస ఆపమని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు కోరవచ్చని, బాధితులకు సాయపడే రక్షణ అధికారి ఉంటారని, న్యాయసహాయం ఉచితమని బాధితురాలికి చెప్పాల్సిన బాధ్యత పోలీసు అధికారిదే! అత్తింట్లో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇచ్చింది. కోర్టుకు దరఖాస్తు అందాక మామూలుగా 3 రోజుల్లోపు మొదటి విచారణ జరగాలి, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు మేజిస్ట్రేటు ప్రయత్నించాలి. వీటిలో ఒక్క ముక్క కూడా ఆమె చెవిన వేయలేదు.

తర్వాత మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేశాం. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తొందరపెట్టకుండా విన్నారు. అప్పుడే ఆమె అన్నీ చెప్పింది.

స్టేషన్లలోనూ భార్యాభర్తలను వేర్వేరు గదుల్లో విచారించాలి. 5వ సెక్షన్‌ను తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడకు అంటించాలి. చదువురాని వారికి చదివి వినిపించాకే ఏ కాగితం మీదైనా సంతకం అడగాలి.

- ఒక అంగన్‌వాడీ టీచర్