కుండీ అడుగున గులకరాళ్లు వద్దు

సంపాదకులకు,

ఇంట్లో పెంచే మొక్కల గురించి ఎక్కడ చదివినా రెండు సలహాలు తప్పకుండా కనిపిస్తాయి. తోటమట్టి, ఇసుక, ఎరువు సమపాళ్లలో కలపమని ఒకటి, కుండీ అడుగున గులకరాళ్లు పరవమని మరొకటి. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియంలకు రెండూ చేటే. (మనీప్లాంట్ మొండిది కాబట్టి ఓర్చుకుంటుంది.) ఇవి అడవిలో చెట్లను పట్టుకుని పెరిగే రకాలు. తడి ఎంత అవసరమో వేళ్లకు గాలీ అంతే అవసరం. తోటమట్టి కుండీలో కొన్నాళ్లు నీళ్లు పడేసరికి అణిగి గట్టిపడుతుంది, సన్న ఇసుక ఉన్న సందుల్ని కూడా పూడుస్తుంది. ఇక గులకరాళ్ల సంగతి: మట్టి పూర్తిగా నానేదాకా అందులోని నీరు కిందున్న పెద్ద ఖాళీల్లోకి దిగదు. అంటే అడుగున నిలవాల్సిన తడి పొర రాళ్ల మీదికెక్కి వేళ్లకే దగ్గరవుతుంది.

పనికొచ్చే పాళ్లు ఇవి. తూకంతో కాకుండా ఒకే డబ్బాతో కొలవండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 2 డబ్బాలు, అరంగుళం కొబ్బరి డొక్క ముక్కలు గానీ పైన్ బెరడు గానీ 2, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) 1, బాగా మాగిన వర్మీకంపోస్టు 1, బొగ్గు ముక్కలు అర డబ్బా. బొగ్గు లేకున్నా ఫర్వాలేదు. డొక్క లేదా బెరడు ముక్కలు మాత్రం మానకూడదు, గాలి సందుల్ని నిలిపేవి అవే. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్లకైతే కోకోపీట్ సగానికి తగ్గించి పెర్లైట్ రెట్టింపు చేయాలి.

ఎక్కువమంది దెబ్బతినేది కోకోపీట్ దగ్గరే. అందులో ఉప్పు ఉండొచ్చు. కడగకుండా వాడితే ఆకుల కొసలు మాడతాయి, నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, వేళ్లు కుళ్లుతాయి. నానబెట్టి, పిండి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి. పెర్లైట్ దుమ్ము పీల్చకుండా సంచిలోనే నీళ్లు చిలకరించి తీయాలి. వర్మీకంపోస్టు మోతాదు మించితే మిశ్రమం ముద్దవుతుంది, సగమే మాగినదైతే చిన్న నల్ల ఈగలు ముసురుతాయి.

కుండీ నింపాక నీళ్లు పోసి చూడండి. కొన్ని సెకన్లలో అడుగు రంధ్రాల నుంచి రావాలి. పైన నిలిచిపోతే ముక్కలు పెంచాలి. కోకోపీట్ పైన ఎండినట్టు కనిపించినా లోపల తడిగానే ఉంటుంది కాబట్టి వేలు రెండంగుళాలు దించి చూశాకే నీళ్లు పోయాలి. ఏడాదిన్నర, రెండేళ్లకు అది నలిగి అణుగుతుంది. అప్పుడు ఎరువు పెంచి లాభం లేదు, మిశ్రమమే మార్చాలి.

– ఒక పాఠకురాలు