తరగతి గదుల స్మార్ట్ తాళాలు: జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన అందరికీ కమిటీ తరఫున నమస్కారం. 24 తలుపులకు కార్డుతో తెరుచుకునే కొత్త తాళాలు బిగించడం పూర్తయింది. రసీదులు, ఓచర్లతో సహా పూర్తి లెక్కను బడి నోటీసు బోర్డు మీద పెట్టాం. దేనికెంత పోయిందో తేలిగ్గా అర్థం కావడానికి, వచ్చిన సొమ్మును 100 పాళ్లు అనుకుని ఇక్కడ చెబుతున్నాం.

జమ: తల్లిదండ్రుల చందాలు 61 పాళ్లు, పూర్వ విద్యార్థులు ఇచ్చింది 27, ఉపాధ్యాయులు ఇచ్చింది 9. పాత తాళాలు అమ్మితే 3 వచ్చాయి.

ఖర్చులో పెద్దది తాళాలదే, 58 పాళ్లు. ఇంతకంటే చవకవి దొరికేవి. కానీ ఒక్క విషయంలో మేం రాజీపడలేదు: బయట తాళం పడి ఉన్నా, బ్యాటరీ అయిపోయినా, లోపలి పిడి తిప్పితే తలుపు తెరుచుకోవాలి. నిప్పంటుకున్నప్పుడు పిల్లలు కార్డు కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. డబ్బులు చెల్లించే ముందు ప్రతి తలుపునూ లోపలి నుంచి తెరిచి చూశాం.

వడ్రంగం పనికి 14 పాళ్లు అయింది. ఇంత అవుతుందని మేం అనుకోలేదు. 9 తలుపులు కిందికి జారి ఉన్నాయి. తాళం నాలుక ద్వారబంధంలోని రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రాకపోతే గడియ పూర్తిగా పడదు, మోటారు గింజుకుంటుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అందుకే ముందు బందులు మార్చి, తలుపులు సరిచేయించాకే తాళాలు బిగించాం.

కార్డులకు, వాటిని నమోదు చేసే పరికరానికి 7 పాళ్లు. మొదట వచ్చిన కొటేషన్‌లో 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే కార్డులు ఉన్నాయి. అలాంటి మామూలు కార్డుకు నకలు తీయడం చాలా తేలిక. 13.56 మెగాహెర్ట్జ్ రకంలోనూ మైఫేర్ క్లాసిక్ అనే పాత కార్డుల రక్షణను పరిశోధకులు 2008లోనే ఛేదించారు. అందుకని ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చే బలమైన పద్ధతి) ఉన్నవే తీసుకున్నాం. ఎవరి కార్డైనా పోతే ఆ ఒక్కదాన్నే రద్దు చేస్తే చాలు. ఇంతకుముందు ఒక తాళంచెవి పోతే తాళమే మార్చాల్సి వచ్చేది, ఆ టెన్షన్ ఇక లేదు.

3 పాళ్లు మా పొరపాటు వల్ల పోయాయి. నమూనాకని ముందుగా ఒక వేలిముద్ర తాళం కొన్నాం. సుద్దపొడి అంటిన వేళ్లను అది పదే పదే తిరస్కరించింది. పైగా వేలిముద్ర బయటికి పొక్కితే, కార్డులా మార్చుకునే వీలుండదు. ఇది కొనకముందే ఆలోచించాల్సిన విషయం. ఆ తాళాన్ని అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఇందుకు క్షమించమని కోరుతున్నాం.

బిగింపు, సిబ్బందికి శిక్షణ కలిపి 6 పాళ్లు, బ్యాటరీలకు 2. ఒక్కో తాళానికి నాలుగు ఏఏ ఆల్కలైన్ బ్యాటరీలు, అంటే మొత్తం 96. రీఛార్జి చేసేవి వాడమని కొందరు అడిగారు. వాటి వోల్టేజి 1.5 కాకుండా 1.2 ఉంటుంది కాబట్టి, బ్యాటరీ ఎంత మిగిలిందో తాళం తప్పుగా చూపే ప్రమాదం ఉంది. తయారీదారు కూడా వద్దన్నారు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే, బయటున్న రెండు బొడిపెలకు 9 వోల్టుల బ్యాటరీ ఆనించి, కార్డుతో తెరవొచ్చు. అదీ కుదరకపోతే మామూలు తాళంచెవులు సీలు వేసిన కవరులో ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉన్నాయి.

మొత్తం ఖర్చు 90 పాళ్లు, నిల్వ 10. ఈ నిల్వను బ్యాటరీలకు, మరమ్మతులకు తప్ప వేరే దేనికీ తీయకూడదని తీర్మానించాం.

ఏ కార్డుతో ఏ గది ఎప్పుడు తెరిచారో తాళంలో నమోదవుతుంది. దాన్ని ఉపాధ్యాయుల రాకపోకలు లెక్కపెట్టడానికి వాడం. గదిలో వస్తువు పోయినప్పుడు మాత్రమే, కమిటీ సభ్యులు ఇద్దరి సమక్షంలో, సంబంధిత ఉపాధ్యాయులకు చెప్పి ఆ నమోదును చూస్తాం. ఉపాధ్యాయులు చందా ఇచ్చేటప్పుడు అడిగింది ఇదొక్కటే. అందుకే దీన్ని మినిట్స్ పుస్తకంలో రాసి, సభ్యులందరం సంతకాలు చేశాం.

ఓచర్ల ఫైలు బడి ఆఫీసులో ఉంది. చందా ఇచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు ఎవరైనా వచ్చి చూడొచ్చు.