మిషన్లు వచ్చేలోపు ఫైలు మా ఊళ్ళకు రావాలి

సంపాదకులకు నమస్కారాలు.

తెలంగాణ, ఆంధ్ర గట్లను కలుపుతూ కృష్ణ మీద కట్టదలచిన సోమశిల–సిద్దేశ్వరం వంతెన మాట ఎక్కడ వచ్చినా జనం ఒకటే అంటున్నారు. "అన్నీ అయినయి, పర్యావరణ అనుమతులే అడ్డం పడుతున్నయి" అని. కొల్లాపూర్ బస్టాండులో అదే మాట, కృష్ణ దాటి ఆత్మకూరు పోతే మా బంధువుల ఇంట్లోనూ అదే మాట. ఉద్యోగం చేసినంత కాలం రోడ్ల సర్వేలోనే ఉన్నవాణ్ణి. అలైన్‌మెంట్లు, అంటే రోడ్డు పోయే గీతలు, గీయడం, రాళ్ళు పాతడం, అటవీ శాఖవాళ్ళతో కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కు తిరగడం నా పని. అందుకే ఈ మాట విని ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను. అనుమతి అడిగితే పనులు ఆగవు. అరకొరగా తయారుచేసిన ఫైలు వల్ల ఆగుతాయి. ఆ ఫైలులో ఏముందో నది ఒడ్డున బతికేవాళ్ళకు తెలియకపోవడం వల్ల, ఆగకూడని పనులు ఆగుతాయి, ఆగాల్సినవి ఆగవు.

ముందే చెబుతున్నాను, నాకు వంతెన కావాలి. మా చెల్లెలిని ఇచ్చింది కొత్తపల్లె మండలానికి. ఈ గట్టున నిలబడితే అవతలి గట్టు మీది గుట్టలు కనిపిస్తాయి. కానీ రోడ్డున పోవాలంటే పెబ్బేరు, కర్నూలు, నందికొట్కూరు చుట్టి వంద కిలోమీటర్లకు పైగా పోవాలి. లేదంటే మరబోటు. దాంట్లోనే మనుషులు, దాంట్లోనే మోటారు సైకిళ్ళు, మేకలు, సిమెంటు బస్తాలు. గాలి లేస్తే బోటు కదలదు. మా బావకు గుండె నొప్పి వచ్చిన రాత్రి నేను ఈ ఒడ్డునే తెల్లవారేదాకా కూర్చున్నాను, బోటు నడిపే మనిషి నీళ్ళ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అతను చేసింది సరైన పనే. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయారు. ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా మా మధ్యనే ఉన్నారు. వంతెన వద్దనే మనిషి ఈ రెండు గట్ల మీద ఒక్కరూ దొరకరు.

2022 అక్టోబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు ఈ వంతెనను ప్రకటించారు. కల్వకుర్తి నుంచి నంద్యాల పోయే 167కె జాతీయ రహదారి మీద, 1,082 కోట్ల రూపాయలతో, తీగల మీద వేలాడే వంతెన, నడిచేవాళ్ళకు అద్దాల దారి, రంగు రంగుల దీపాలు, ముప్పై నెలల్లో పూర్తి అన్నారు. ఆ రోజు మా వాళ్ళు టపాకాయలు కాల్చారు. ముప్పై నెలలు ఎప్పుడో దాటిపోయాయి.

ఇక అనుమతుల సంగతి. జనం అనుకుంటున్నట్టు "పర్యావరణ అనుమతి" అనేది ఒకే కాగితం కాదు. 2006లో కేంద్రం తెచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కొన్ని రకాల ప్రాజెక్టులకు ముందుగా ప్రభావ అంచనా నివేదిక తయారు చేయాలి, దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ జాబితాలో వంతెన అంటూ విడిగా ఒక పద్దు లేదు. కొత్త జాతీయ రహదారి అయితే జాబితాలోకి వస్తుంది. ఉన్న రోడ్డును వెడల్పు చేసేదైతే, 2013లో చేసిన సవరణ తర్వాత, వంద కిలోమీటర్లు దాటాలి, దానితో పాటు కొత్తగా తీసుకునే స్థలం వెడల్పు ఒక పరిమితి దాటాలి. అప్పుడే వస్తుంది. ఈ లెక్క తెలిసినవాళ్ళు రోడ్డును ముక్కలు చేస్తారు. ఉత్తరాఖండ్‌లో చార్‌ధామ్ రోడ్డు దాదాపు 900 కిలోమీటర్లు. దాన్ని 53 పనులుగా విడగొట్టారు, ఏ ముక్కా వంద దాటలేదు. ఆ కొండలు జారిపడటం, సుప్రీంకోర్టు కమిటీ వేయడం తర్వాత అందరం చదివాం. ఢిల్లీలో యమున మీద సిగ్నేచర్ బ్రిడ్జి కేసులో 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, అంత పెద్ద వంతెన కూడా ఈ నోటిఫికేషన్ కిందికే వస్తుందని చెప్పింది. కాబట్టి చట్టంలో సందు ఉంది కదా అని దూరిపోవడం కాదు, నది మీద కట్టే ఇంత పెద్ద కట్టడానికి నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టడమే న్యాయం.

రెండోది అటవీ అనుమతి. దీనికి మాత్రం తప్పించుకునే దారి లేదు. అటు ఇటు రెండు గట్లూ నల్లమలే. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద రెండు రాష్ట్రాల్లోనూ విడివిడిగా ఫైళ్ళు నడవాలి. ఇక్కడ నాకు తెలిసిన పని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆలస్యం పుట్టేది ఇక్కడే.

రోడ్డు ఎటు పోవాలో ఆఫీసులో గీత గీస్తారు. ఆ గీత కింద ఎంత అడవి పడుతుందో కొలవాలి. చెట్టు చెట్టుకూ నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టి లావు రాసుకోవాలి, బెరడు కొద్దిగా చెక్కి రంగుతో నంబరు వేయాలి, జాతి పేరు రాయాలి. నల్లమద్ది, ఏగి, చిరుమాను, తపసి, తునికి. రేంజరు పక్కనే ఉండాలి, రోడ్డు శాఖ మనిషీ ఉండాలి. ఇది ఎండలో చేసే పని, తొందరపడితే చెడిపోయే పని. ఆ తర్వాత, పోయిన అడవికి బదులు మొక్కలు పెంచడానికి భూమి చూపించాలి, అడవి విలువ కింద డబ్బు కట్టాలి. అప్పుడు మొదటి దశ అనుమతి వస్తుంది. రోడ్ల లాంటి పొడవాటి పనులకైతే ఆ దశలోనే షరతుల మీద చెట్లు కొట్టి పని మొదలుపెట్టుకోవచ్చు, తుది అనుమతి దాకా ఆగనక్కర లేదు. అంటే చట్టం ఇప్పటికే తొందర పనులకు దారి ఇచ్చింది.

నేను పని చేసిన ఒక రోడ్డు విషయం చెబుతాను, ఊరు పేరు అనవసరం. ఫైలు మీద ఫైలు వెనక్కి వచ్చేది. కారణం? ఎవరో పాత టోపోషీటు (సర్వే మ్యాపు) మీద గీత గీశారు. నేల మీద మేం పాతిన రాళ్ళు ఒకచోట ఉంటే, కంప్యూటర్లో ఎక్కించిన గీత ఒక వాగుకు అవతల ఉంది. బదులు భూమి అని చూపించింది అప్పటికే ఇంకో ప్రాజెక్టుకు చూపించిన గుట్ట. ప్రతిసారీ పై నుంచి ప్రశ్న, ప్రతిసారీ కింది నుంచి నెలల తరబడి మౌనం. ఊళ్ళో మాత్రం పేరు అడవి శాఖకు పడింది. మొదటి రోజే గీతను, నేలను ఒకసారి కలిపి చూసుకుని ఉంటే ఆ రోడ్డు ఎప్పుడో పూర్తయ్యేది. సోమశిల దగ్గరైనా ఆలస్యానికి మందు అనుమతి ఎత్తేయడం కాదు, గీతను నేల మీద సరిచూడటం.

ఆ గీతను సరిచూసేది ఎవరు? ఇక్కడే నా అసలు విన్నపం. నల్లమలలో ఏ కొండవాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ దారిన జంతువులు నీళ్ళకు దిగుతాయో చెంచులకు తెలిసినట్టు ఏ కన్సల్టెంటుకూ తెలియదు. తేనె, తపసి జిగురు, తునికాకు వాళ్ళ బతుకు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకు గ్రామసభ అనే బలం ఇచ్చింది. 2013లో కేంద్ర పర్యావరణ శాఖ రోడ్లు, కాలువల్లాంటి పనులకు గ్రామసభ ఒప్పుకోలు అక్కర్లేదని సర్క్యులర్ ఇచ్చినప్పుడు కూడా ఒక మినహాయింపు ఉంచింది. ఆదిమ తెగల గుర్తించిన హక్కులు దెబ్బతినే చోట మాత్రం ఒప్పుకోలు తీసుకోవాలని. చెంచులు ఆ తెగల్లో ఉన్నారు. 2022లో వచ్చిన అటవీ నిబంధనలు కేంద్రం అనుమతి ముందు, హక్కుల సంగతి తర్వాత అన్న వరసలోకి మార్చాయి. అయినా హక్కుల చట్టం రద్దు కాలేదు. రోడ్డు పోయే దారిలో ఏ పెంట (చెంచుల గూడెం) ఉంది, ఆ పెంటలో ఎవరికి హక్కు పత్రాలు ఉన్నాయి, ఇవి ఫైలు మొదటి పేజీలో ఉండాలి.

పులుల సంగతి. వంతెనకు దిగువన కృష్ణకు ఒకవైపు అమ్రాబాద్, ఇంకోవైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలు. 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి పిల్లలు దొరికాయి. కుక్కలు చంపేస్తాయని ఊరివాళ్ళు వాటిని ఒక గదిలో పెట్టి కాపాడారు. అటవీ సిబ్బంది రాత్రింబవళ్ళు తల్లి కోసం వెతికారు, కలపాలని చూశారు, కుదరలేదు. చివరికి పిల్లల్ని తిరుపతి జూకు పంపారు. నేను ఇది పత్రికలో చదివి బాధపడి ఊరుకునేవాణ్ణి, అది మా చెల్లెలి మండలం కాకపోతే. వంతెన దిగిన రోడ్డు పోయేది ఆ మండలం మీదుగానే. పులులు తిరిగే నేల అని ఇంకే రుజువు కావాలి?

దీనికి పరిష్కారం ఉంది, ఖర్చూ ఉంది. మన కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులో పెంచ్ పులుల అడవి గుండా పోతుంది. అక్కడ కోర్టుల దాకా వెళ్ళి పోరాడాక, రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి కింద జంతువులకు దారులు వదిలారు. వాటిలో పెద్దది 750 మీటర్ల పొడవు. కెమెరాలు పెట్టి చూస్తే పులులు కూడా ఆ దారుల్లో నడిచాయి. నల్లమలలో కూడా అలాంటివి గీతలోనే ఉండాలి, రోడ్డు వేశాక అతికించేవి కావు. మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేసి ఉదయం ఆరుకు తీస్తున్నారు, అందరం అలవాటు పడ్డాం. మరి కొత్త రోడ్డు మీద రాత్రంతా లారీలు పోతాయా, గేటు ఉంటుందా? గేటు పెట్టేదైతే ఆంబులెన్సుకు మినహాయింపు రాసి ఉండాలి. నాకు ఆ రాత్రి గుర్తుంది కాబట్టి ఇది అడుగుతున్నాను. రంగుల దీపాల విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. రెండు వైపులా అడవి ఉన్న నీళ్ళ మీద తెల్లవార్లూ దీపాలు వెలగనక్కర లేదు. పర్యాటకులు సాయంత్రం చూసి పోతారు, తర్వాత ఆర్పేయవచ్చు. అనుమతి షరతుల్లో ఒక వాక్యం చాలు.

నీళ్ళ గురించి కూడా. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 215 దగ్గరికి వచ్చింది. 1981లో ఆ ముంపు కింద ఇళ్ళు వదిలి వచ్చిన వంద దాకా ఊళ్ళలో మాదీ ఒకటి. మా చేను నీళ్ళ అడుగున ఉంది. ఆ నీళ్ళ కోసం చేను ఇచ్చినవాళ్ళం, అందులో ఇంకో తట్ట మట్టి పడినా ఒప్పుకోలేం. పైల్స్ (వంతెన పునాది స్తంభాలు) దింపేటప్పుడు వచ్చే మట్టి, గుంత గోడలు కూలకుండా పోసే బెంటొనైట్ బురద, గుట్ట తొలిచిన రాళ్ళు ఎక్కడ పోస్తారో మ్యాపులో గుర్తు పెట్టి చూపాలి. ఒడ్డున పోసి వాన రాగానే నదిలోకి పోయిందని చెప్పే పద్ధతి నేను చాలాచోట్ల చూశాను. పుట్టి వేసుకుని వల పట్టే బెస్తలకు పని జరిగే రోజుల్లో ఎంత నీటి మేర మూసేస్తారు, ఎన్నాళ్ళు, పరిహారం ఎవరు ఇస్తారు, ఇవన్నీ ముందే రాయాలి. వంతెన వస్తే బోటు నడిపేవాళ్ళ జీవనం పోతుంది. వాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈ ఫైళ్ళు పరివేశ్ అనే కేంద్ర పోర్టల్‌లో ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు అంటారు. ఇంగ్లీషులో, వందల పేజీల్లో, సిగ్నలే సరిగా రాని ఊళ్ళకు అది చూపినట్టు కాదు. రెండు రాష్ట్రాల అటవీ శాఖలనూ, జాతీయ రహదారుల అధికారులనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: అలైన్‌మెంటు మ్యాపు, కొట్టబోయే చెట్ల లెక్క, బదులు భూమి వివరం, మట్టి పోసే చోట్లు, అనుమతి షరతులు, ఇవన్నీ తెలుగులో రాసి సోమశిల, కొల్లాపూర్, కొత్తపల్లె, ఆత్మకూరు కార్యాలయాల్లోనూ దారిలో పడే ప్రతి పంచాయతీలోనూ, చెంచు పెంటల్లోనూ పెట్టండి. పెంటల్లో చదివి వినిపించండి. అభ్యంతరం చెప్పడానికి నెల రోజుల గడువు ఇవ్వండి. పని మొదలయ్యాక ఆరు నెలలకొకసారి షరతులు ఎంతవరకు పాటించారో అదే బోర్డు మీద అంటించండి. నాలాగా రిటైరైన సర్వేయర్లు, లైన్‌మెన్లు, టీచర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పిలిస్తే టేపు పట్టుకుని వస్తాం, రాళ్ళు, గీత కలిశాయో లేదో చూసి పెడతాం, రూపాయి అడగం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సర్వేయర్,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా